ఇరవై ఒక్క అక్షరాలు

(పిట్స్‌బర్గ్ తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినపడుతోందా? మైకు కాస్త గురక పెడుతోంది, సర్దుకోండి.

పోయిన నెల ఇక్కడ శ్రీనాథుడి చాటువులు విన్నాం. ఈ నెల బేస్‌బాల్ అని కబురు వెళ్లగానే నాకు మూడు ఫోన్లు వచ్చాయి. "ఏమిటండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని. (నవ్వులు) బాగానే ఉందండి. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. ఆట ఉన్న రోజున అప్పట్లో పిల్లల్ని, ఇప్పుడు మనవణ్ని చెయ్యి పట్టుకుని ఒక పసుపుపచ్చ వంతెన మీదుగా స్టేడియానికి తీసుకెళ్తుంటాను. ఆ వంతెనకు ఒక మనిషి పేరుంది. ఆ మనిషి గురించే ఇవాళ.

ముందుగా ఒక పని చేద్దాం. నాతో పాటు పలకండి. రొబెర్తో. క్లెమెంతే. ఊఁ, ఇంకోసారి... చూశారా, ఎంత సులువుగా వచ్చిందో! స్పానిష్‌వాళ్ల 'త' మన 'త' లాంటిదే, నాలుక పళ్లకు తగులుతుంది. పదాన్ని అచ్చుతో ముగించడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ ఊరివాళ్లు మాత్రం ఆయన్ని నెత్తిన పెట్టుకుని కూడా 'క్లమెంటీ' అంటారు. అదైనా నయం. ఆయన ఆడే రోజుల్లో 'బాబ్' అనేవాళ్లు. పిల్లలు దాచుకునే ఆటగాళ్ల బొమ్మల కార్డులుంటాయి కదా, టాప్స్ కంపెనీవి, వాటి మీద 1957 నుంచి 1969 దాకా 'బాబ్ క్లెమెంతే' అనే అచ్చయింది. నా పేరు రొబెర్తో అని ఆయన చెబుతూనే ఉన్నాడు. పదమూడేళ్లు!

ఇక్కడ ఉన్నవాళ్లలో ఎంతమందికి ఆఫీసులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉందో చేతులెత్తమంటే ఈ హాలంతా లేస్తుంది. నాకూ ఉంది. నా పేరును మూడక్షరాలకు కోసి నా బల్ల మీద పెట్టారు, నేనూ ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు. ఆయన ఆట గురించి మాట్లాడాలంటే నాకు ఇక్కడి నుంచి మొదలుపెట్టక తప్పదు.

పుట్టింది 1934 ఆగస్టు 18న, ప్యుయెర్తో రీకో ద్వీపంలో, కరోలీనా అనే ఊళ్లో. అది అమెరికా జెండా కింద ఉన్న ద్వీపం. 1917 నుంచి అక్కడివాళ్లు అమెరికా పౌరులే, వీసాలూ అవీ లేవు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఎందుకంటే పత్రికలవాళ్లు ఈయన్ని చివరిదాకా ఎక్కడి నుంచో వచ్చినవాడిలాగే రాశారు. తండ్రి మెల్చోర్ క్లెమెంతే చెరకు తోటల్లో మేస్త్రీ. తల్లి లూయీసా వాకర్. ఏడుగురు పిల్లల్లో ఈయనే ఆఖరివాడు. తొందరపెడితే "మొమెంతీతో, మొమెంతీతో" అనేవాడట, అంటే "ఉండు, ఒక్క నిమిషం" అని. దాంతో ఇంట్లో ముద్దుపేరు 'మోమెన్' అయింది.

అక్కడి పద్ధతిలో మనిషి పేరు తర్వాత తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి పుట్టింటి పేరు వస్తాయి. అంటే పూర్తి పేరు రొబెర్తో క్లెమెంతే వాకర్. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకు వెనక ఉంటుంది, అదీ రెండుంటాయి. అమెరికావాళ్ల ఫారాల్లో ఇద్దరికీ గళ్లు సరిపోవు.

ఆ ఊళ్లో ఒక బడిపంతులు ఉండేవాడు, రొబెర్తో మరీన్ అని. రోడ్డు పక్కన ఈ కుర్రాడు కర్రతో ఖాళీ రేకు డబ్బాలను కొడుతుంటే చూశాడు. కొట్టిన ప్రతి డబ్బా దూరంగా పోయి పడుతోంది. ఆ మేష్టారు ఒక బియ్యం కంపెనీ తరఫున సాఫ్ట్‌బాల్ జట్టు నడిపేవాడు, అందులో చేర్చుకున్నాడు. హైస్కూల్లో మనవాడు బల్లెం విసిరేవాడు. జావెలిన్. ఆ భుజం సంగతి తర్వాత వస్తుంది.

చిన్నప్పుడు ఆయనకు ఆరాధ్యుడు మాంటీ అర్విన్. అమెరికా నల్లజాతి ఆటగాడు, అవుట్‌ఫీల్డరు, చలికాలంలో శాన్ హువాన్ జట్టుకు ఆడటానికి వచ్చేవాడు. ఆయన సంచి మోసుకుంటూ పక్కన నడిస్తే గేటు దగ్గర టికెట్టు అడగరు కదా, అలా లోపలికి పోయేవాడు మన మోమెన్. ఈ అర్విన్ పేరు కూడా ఓ మూల పెట్టుకోండి.

1952లో, పద్దెనిమిదేళ్లకు, సాంతుర్సే కాంగ్రెహేరోస్ జట్టు తీసుకుంది. ఆ మాటకు 'పీతలు పట్టేవాళ్లు' అని అర్థం. బందరు నుంచి ఎవరైనా వచ్చారా? మీ జట్టేనండి. (నవ్వులు) తండ్రికి ఆట తెలీదు. ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన ఒకసారి ఆట చూడటానికి వచ్చి చాలా బాధపడ్డాడట. మిగతావాళ్లంతా బంతిని కొట్టి, కాస్త పరిగెత్తి, వెనక్కి వచ్చి హాయిగా కూర్చుంటున్నారు, మావాడొక్కడే పాపం మైదానమంతా చుట్టి రావాల్సి వస్తోంది అని. మిగతావాళ్లు అవుటై కూర్చుంటున్నారని ఆయనకు తెలీదు.

1954 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ డాడ్జర్స్ వచ్చి 10,000 డాలర్ల బోనసు, 5,000 జీతం అన్నారు. సరే అన్నాడు. ఆ వెంటనే మిల్వాకీ బ్రేవ్స్ అంతకంటే బాగా ఎక్కువ ఇస్తామన్నారు. ఇంకా సంతకం కాలేదు, నోటిమాటే. తల్లిని అడిగాడు. మాట ఇచ్చావు కదా, ఇక అడిగేదేముంది అంది ఆవిడ. డాడ్జర్స్ దగ్గరికే వెళ్లాడు.

వాళ్లేమో అప్పటి నియమాన్ని ఖాతరు చేయలేదు. 4,000 డాలర్లకు మించి బోనసు ఇచ్చిన కుర్రాణ్ని పెద్ద జట్టులోనే ఉంచాలి, కింది జట్టుకు పంపితే ఏడాది చివర వేరే జట్టు ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. డాడ్జర్స్ ఆయన్ని కెనడాలో తమ కింది జట్టు మాంట్రియల్ రాయల్స్‌కు పంపారు. 87 ఆటల్లో ఆడించారు, చాలాసార్లు మధ్యలో దింపి మధ్యలోనే తీసేవారు. ఎవరి కంటా పడకుండా దాచారని ఒక మాట, అదేం లేదని ఇంకో మాట. ఏదైతేనేం, మన ఊరి జట్టు పైరేట్స్ మనిషి క్లైడ్ సూక్‌ఫర్త్ అక్కడికి వేరే ఆటగాడి కోసం వెళ్లి, ఆటకు ముందు సాధనలో ఈ కుర్రాడు దూరం నుంచి విసిరే బంతులు చూసి, వచ్చిన పని మరిచిపోయాడు. ఆ ఏడాది పైరేట్స్ అట్టడుగున ఉన్నారు కాబట్టి మొదట ఎంచుకునే హక్కు వాళ్లదే. 1954 నవంబరు 22న, 4,000 డాలర్లకు, రొబెర్తో క్లెమెంతే మన ఊరివాడయ్యాడు.

మొదట 13 నంబరు చొక్కా ఇచ్చారు. కొన్నాళ్లకే 21కి మారాడు. ఎందుకు 21? తన పూర్తి పేరులో అక్షరాలు లెక్కపెట్టుకున్నాడని చెబుతారు. వాళ్ల లిపిలోనండి, మన లిపిలో లెక్క రాదు, ఇంటికెళ్లి కుస్తీ పట్టకండి. రొబెర్తోలో ఏడు, క్లెమెంతేలో ఎనిమిది, వాకర్‌లో ఆరు. మొత్తం 21. ప్రేక్షకులు నోటితో బాబ్ అంటున్నారు, ఆయన వీపు మీద మాత్రం తండ్రిదీ తల్లిదీ కలిపి మొత్తం పేరు ఉంది.

ఇప్పుడు కాస్త ఆట చెప్పుకోవాలి. ముందు వరసలో ఇండియా నుంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ కూర్చున్నారు. అమ్మా, మీకు క్రికెట్టు తెలుసు కదా, చాలు. ఇక్కడ బ్యాటరు కొట్టాక నాలుగు బేసులు చుట్టి, బయల్దేరిన చోటికి వస్తేనే ఒక పరుగు. ఒక్కో బేసుకు మధ్య 90 అడుగులు. మొదటి బేసు కుడిపక్క, మూడోది ఎడంపక్క. ఈ బేసుల వెనక, బాగా దూరంగా, పచ్చికలో ముగ్గురు నిలబడతారు. వాళ్లే అవుట్‌ఫీల్డర్లు. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడే మనిషి అనుకోండి, కాకపోతే ఒక చేతికి తోలు తొడుగు ఉంటుంది.

ఆ ముగ్గురిలో కుడివైపు వాడి కష్టం వేరు. మొదటి బేసు మీద అవతలి జట్టు వాడొకడు ఉన్నాడనుకోండి. బంతి కుడివైపుకు వచ్చింది. ఆ పరిగెత్తేవాడు రెండో బేసు తొక్కి, ఆగకుండా మూడోదానికి చూస్తాడు. కుడి మూల నుంచి మూడో బేసంటే మైదానంలో ఉన్న విసుర్లలో బారెడు విసురు. బంతి దొరకబుచ్చుకోవాలి, తిరగాలి, అడుగు వేసుకోవాలి, విసరాలి, అది సరిగ్గా బేసు దగ్గర మోకాలి ఎత్తులో చేరాలి. అందుకే ఏ జట్టయినా మంచి భుజం ఉన్నవాణ్ని కుడివైపు నిలబెడుతుంది. ఆ విసురుతో ఎవరైనా అవుటైతే విసిరినవాడి ఖాతాలో 'అసిస్ట్' అని రాస్తారు. క్లెమెంతే జీవితంలో అవి 266. ఒక్క 1961లోనే 27.

మన ఊళ్లో అప్పటి మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్. ఓక్లండ్‌లో, యూనివర్సిటీ పక్కన. ఆ ఇటుకగోడ ముక్క ఇంకా ఉంది, చాలామంది పార్కింగు వెతుక్కుంటూ దాని పక్క నుంచే పోయుంటారు. కుడి మూల 300 అడుగులే, అవతల ఎడమ నడిమి మూల 457. ఇలాంటి మైదానంలో బంతిని అవతలికి దాటించి హోమ్‌రన్లు పోగేయడం తెలివితక్కువ పని. ఆయన ఖాళీల్లోకి కొట్టి పరిగెత్తాడు. అందుకే హోమ్‌రన్లు 240 ఉంటే, కొట్టి మూడు బేసులు పరిగెత్తినవి 166 ఉన్నాయి. ఆ గోడ ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ తగిలితే బంతి ఎటు తిరిగొస్తుంది అన్నది ఆయనకు అరిచేతి గీతలా తెలుసు. పరిగెత్తడం చూస్తే ఒళ్లంతా ఊడిపోతున్నట్టు ఉండేది, నెత్తి మీది టోపీ నేల మీదే. బ్యాటు పట్టుకుని నిలబడేముందు మెడ అటూ ఇటూ తిప్పుకునేవాడు.

ఆ మెడ తిప్పడం వెనక ఒక కథ ఉంది. 1954 డిసెంబరులో, పైరేట్స్‌కు ఇంకా ఒక్క ఆటా ఆడకముందే, తాగినవాడొకడు ఎర్రదీపం దాటి వచ్చి ఆయన కారును గుద్దాడు. వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి పద్దెనిమిది సీజన్లూ పోలేదు. నొప్పిగా ఉందంటే పత్రికలవాళ్లు సోమరి అన్నారు, లేని జబ్బులు ఊహించుకుంటాడన్నారు. నొప్పితోనే ఆడి గెలిపిస్తే, చూశారా, ఏమీ లేదన్నారు. ఒంట్లో బాగోలేదని ఆఫీసుకు ఫోన్ చేసేటప్పుడు గొంతు ఎలా పెట్టాలో తేల్చుకోలేని మనకు ఇది అర్థమవుతుంది.

ఇంకా ఘోరం భాష. 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్‌స్టార్ ఆట, అంటే రెండు లీగుల మేటి ఆటగాళ్ల పోటీ, పదో ఇన్నింగ్స్‌లో ఈయన కొడితే విల్లీ మేస్ పరిగెత్తుకొచ్చి గెలిచారు. మర్నాడు పేపర్లో ఆయన మాటలు ఎలా వేశారంటే, యాస ఎలా వినిపించిందో అలాగే, తప్పు స్పెల్లింగులతో. 'హిట్' అన్నది 'హీట్' అని. తెల్లవాళ్లలో ఎంతమంది తప్పు వ్యాకరణం మాట్లాడేవారో, వాళ్ల మాటలు మాత్రం దిద్ది వేసేవారు. రేడియోలో ఆట చెప్పే బాబ్ ప్రిన్స్ ఒకడు మాత్రం, ఆయన కూడా బాబీ అనే పిలిచేవాడు గానీ, క్లెమెంతే బ్యాటు పట్టి వస్తే "అర్రీబా!" అని కేకేసేవాడు. పైకి లే అని. ఒక్క స్పానిష్ మాట, ఊరంతటికీ వచ్చేసింది.

ఈయనేమీ నోరు మూసుకుని భరించిన సాధువు కాడు, ఆ మాట నేను గట్టిగా చెప్పాలి. చనిపోయాక అందరూ ఆయనకు అదే వేషం వేశారు. బతికున్నప్పుడు కోపిష్టి. 1960లో పైరేట్స్ న్యూయార్క్ యాంకీస్‌ను ఏడో ఆటలో ఓడించి ప్రపంచ సిరీస్, అంటే ఏడాది చివరి టైటిల్ పోరు, గెలిచారు. ఏడు ఆటల్లోనూ ఈయన హిట్లు కొట్టాడు. హిట్టంటే బంతిని కొట్టి క్షేమంగా బేసు చేరడం. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతి జట్టులోని డిక్ గ్రోట్‌కు వచ్చింది. ఈయనది ఎనిమిదో స్థానం. రెండో స్థానమో మూడోదో అయితే ఏమీ అనేవాడు కాదు, ఎనిమిదోదా అని ఏళ్ల తరబడి మర్చిపోలేదు. అలగడం అంటారు మనవాళ్లు. నాకు మాత్రం అది అలకలా కనిపించదు. లెక్క తప్పిన కొట్టువాడితో చిల్లర కోసం నిలబడి వాదించే మనిషిలా కనిపిస్తాడు.

దక్షిణాది సంగతి చెప్పాలి. వేసవి ముందు సాధన ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో జరిగేది. తెల్ల ఆటగాళ్లు హోటల్లో, నల్ల ఆటగాళ్లు ఊరవతల ఎవరి ఇళ్లలోనో. ప్రయాణంలో బస్సు హోటల్ ముందు ఆగితే తెల్లవాళ్లు దిగి తింటారు, వీళ్లు బస్సులో కూర్చుంటే ఎవరో పొట్లాలు తెచ్చిస్తారు. తన ద్వీపంలో ఇలాంటిది చూడని మనిషి ఆయన. మా బస్సులో మేము అడుక్కుతినం అని తోటివాళ్లకు చెప్పి, చివరికి వాళ్లకు వేరే బండి ఇప్పించుకున్నాడు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినప్పుడు, ఆయన అంత్యక్రియలు అయ్యేదాకా ఆడేది లేదని పైరేట్స్ ఆటగాళ్లు నిలబడ్డారు. ముందున్నవాళ్లలో ఈయన ఒకడు. సీజను మొదలుపెట్టే ఆటలు 10వ తేదీకి వాయిదా పడ్డాయి. 1969 డిసెంబరులో ఆటగాళ్ల సంఘం శాన్ హువాన్‌లో కూర్చుంది. కర్ట్ ఫ్లడ్ అని ఇంకో అవుట్‌ఫీల్డరు, నన్ను అడక్కుండా వేరే జట్టుకు అమ్మేస్తే నేను పోను, కోర్టుకెక్కుతాను అన్నాడు. అప్పటి ఒప్పందాల్లో ఆటగాడు ఒక జట్టుకు జీతగాడిలా కట్టుబడి ఉండాల్సిందే. ఆ సమావేశంలో క్లెమెంతే లేచి తన కథ చెప్పాడు. బ్రేవ్స్ ఇస్తానన్న డబ్బు వదులుకుని మాట మీద నిలబడితే, తనను అడక్కుండా పిట్స్‌బర్గ్ ఎత్తుకుపోయిన కథ.

బహుమతులు గబగబా చదివేస్తాను. బ్యాటింగు సగటులో లీగులో మొదటి స్థానం నాలుగుసార్లు: 1961, 64, 65, 67. వెయ్యికి మూడు వందల సగటుంటేనే గొప్ప అనే ఆటలో, అంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనా గొప్పవాడే అనే ఆటలో, 1967లో ఈయనది 357. లీగు ఉత్తమ ఆటగాడి బహుమతి 1966లో వచ్చింది, ఆరేళ్లు ఆలస్యంగా. ఫీల్డింగుకు బంగారు గ్లోవు వరసగా పన్నెండేళ్లు.

నేను ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నది 1971 అక్టోబరు కోసం. పైరేట్స్‌కు, బాల్టిమోర్ ఓరియోల్స్‌కు ప్రపంచ సిరీస్. అంతకు ముందు నెల, సెప్టెంబరు 1న, పైరేట్స్ ఒక ఆటలో తొమ్మిదిమందికి తొమ్మిదిమందినీ నల్లవాళ్లను, లాటిన్ వాళ్లను దింపారు. పెద్ద లీగుల చరిత్రలో అదే మొదటిసారి. క్లెమెంతే ఆ తొమ్మిదిమందిలో ఉన్నాడు. ముప్ఫై ఏడేళ్లు. దేశమంతా టీవీలో చూస్తోంది. పిట్స్‌బర్గ్ దాటి ఆయన్ని సరిగా చూసినవాళ్లు అప్పటిదాకా ఎంతమందని?

ఆ సిరీస్‌లో ఆయన సగటు 414, ఏడు ఆటల్లోనూ హిట్లు. అవన్నీ సరే. నాకు నచ్చినది ఆరో ఆట. ఆ ఆట పైరేట్స్ ఓడిపోయారు, పదో ఇన్నింగ్స్‌లో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సరిసమానంగా ఉన్నారు. ఓరియోల్స్ మనిషి మార్క్ బెలాంజర్ మొదటి బేసు మీద ఉన్నాడు. డాన్ బ్యూఫర్డ్ కొట్టిన బంతి కుడి మూలకు, గోడ దగ్గరికి పోయింది. బెలాంజర్ ఇంటికొచ్చేస్తే ఆట అయిపోయినట్టే. క్లెమెంతే ఆ మూలలో బంతి అందుకుని, గిర్రున తిరిగి, విసిరాడు. అది ఒకే ఒక్క టప్పా పడి కీపరు లాంటివాడు నిలబడతాడే, క్యాచరు, అతని చేతిలోకి వెళ్లింది. బెలాంజర్ ఏం చేశాడు? మూడో బేసు దగ్గర ఆగిపోయాడు.

ఎవరూ అవుట్ కాలేదండి. అసిస్ట్ లేదు. స్కోరు పుస్తకంలో ఆ విసురుకు ఒక్క చుక్క కూడా లేదు. పరిగెత్తాల్సినవాడు పరిగెత్తలేదు, అంతే. అవుట్‌ఫీల్డరు చేసే పనిలో సగం ఇలాంటిదే. ఆ భుజం సంగతి తెలిసి ఎంతమంది రెండో బేసు దగ్గరే ఆగిపోయారో, ఏళ్ల తరబడి, ఎవరు లెక్కపెట్టారు? 266 అన్నది ఆయన సంగతి తెలీనివాళ్ల లెక్క.

ఏడో ఆట 2-1తో గెలిచారు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఈయన హోమ్‌రన్ కొట్టాడు, ఆఖరిదాకా స్టీవ్ బ్లాస్ బంతులు వేశాడు. సిరీస్ ఉత్తమ ఆటగాడు క్లెమెంతే. గదిలో టీవీ మైకు పెట్టారు. ప్రశ్న ఇంగ్లీషులో అడిగారు. ఆయన, ఇంగ్లీషులో చెప్పేముందు ఒక్క మాట అని, దేశమంతా చూస్తుండగా స్పానిష్‌లో మొదలుపెట్టాడు. నా జీవితంలో గొప్ప రోజున, పిల్లలకు నా ఆశీస్సులు, అమ్మానాన్నలు అక్కడి నుంచి నాకు ఆశీస్సులు ఇవ్వాలి అని. ఆ భాషలో పిల్లలు పెద్దల్ని ఆశీస్సు అడగడం మామూలు. మనం కాళ్లకు దండం పెట్టినట్టే. యాసను వెక్కిరించి అచ్చువేసిన దేశం ఒక అరనిమిషం పాటు అర్థం కాని భాష వింటూ కూర్చుంది.

1972 తొందరగా చెబుతాను, ఎక్కువసేపు చెప్పలేను కూడా. సెప్టెంబరు 29న 2,999 హిట్ల దగ్గర ఉన్నాడు. కొట్టిన బంతి ఫీల్డరు చేతుల్లోంచి జారింది. జనం మూడు వేలని లేచి నిలబడ్డారు, స్కోరరు అది ఫీల్డరు తప్పిదమని రాశాడు. క్లెమెంతే ఊరుకున్నాడనుకున్నారా? మండిపడ్డాడు. మర్నాడు, సెప్టెంబరు 30న, న్యూయార్క్ మెట్స్ ఆటగాడు జాన్ మాట్లాక్ వేసిన బంతిని కొట్టి రెండో బేసు మీద నిలబడ్డాడు. ఎవరూ వాదించడానికి వీల్లేని హిట్టు. చరిత్రలో మూడు వేలు చేరినవాళ్లలో పదకొండోవాడు. స్టేడియంలో పదమూడు వేల చిల్లర మంది. ఇప్పుడు ఈ ఊళ్లో ఏ పెద్దాయన్ని అడిగినా ఆ రోజు నేనున్నాను అంటాడు. (నవ్వులు)

ఆ నవంబరులో నికరాగ్వాలో జరిగిన పోటీలకు ప్యుయెర్తో రీకో ఔత్సాహిక జట్టుకు మేనేజరుగా వెళ్లొచ్చాడు. డిసెంబరు 23న ఆ మనాగ్వా నగరమే భూకంపంలో కూలింది. ఆయన టీవీలో, వీధుల్లో అడిగి బట్టలు, తిండి, మందులు పోగుచేశాడు. పంపిన సరుకు అక్కడి పాలకుడు సోమోజా సైనికుల చేతుల్లో ఇరుక్కుంటోందని కబురొచ్చింది. నేను వెంట వస్తే ఎవడు ముట్టుకుంటాడో చూస్తానన్నది ఆయన ధోరణి. డిసెంబరు 31 రాత్రి, పాత డీసీ-7 సరుకు విమానం, మోయగలిగినదానికంటే దాదాపు 4,000 పౌండ్లు ఎక్కువ బరువుతో లేచి, కాసేపటికే సముద్రంలో పడిపోయింది. అయిదుగురు. క్లెమెంతే శరీరం దొరకలేదు. జట్టులో క్యాచరు మానీ సాంగియేన్, అంత్య ప్రార్థనకు కూడా వెళ్లకుండా, ఈతగాళ్లతో కలిసి ఆ నీళ్లలో దిగి వెతికాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. భార్య వేరా, ముగ్గురు చిన్నపిల్లలు.

మన పెన్‌హిల్స్ గుళ్లో స్వామివారు వెలిసింది 1976లో. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. ఆయన్ని మైదానంలో చూసిన తెలుగువాళ్లు ఈ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందైనా ఉంటారో లేదో. ఉంటే ఇవాళ నా దగ్గరికి రండి, టీ నేను పోస్తాను.

ఇక చివరి కబురు. కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ మహనీయుల మందిరం ఉంది. ఆట మానేశాక అయిదేళ్లు ఆగితే గానీ ఎన్నుకోరు. ఈయన కోసం ఆ గడువు పక్కనపెట్టి ప్రత్యేకంగా ఓట్లు వేశారు. 424లో 393. 1973 ఆగస్టు 6న ఆయన్ని చేర్చుకున్నారు. లాటిన్ అమెరికా నుంచి మొదటివాడు. అదే రోజు, అదే వేదిక మీద, ఇంకెవర్ని చేర్చుకున్నారో తెలుసా? మాంటీ అర్విన్‌ను. సంచి మోయించుకున్నవాడినీ, మోసినవాడినీ ఒకే పూట.

ఇద్దరికీ కంచు పలకలు చేశారు. క్లెమెంతే పలక మీద ఏమని చెక్కారంటే, 'రొబెర్తో వాకర్ క్లెమెంతే' అని. తల్లి ఇంటిపేరును తీసి మధ్యలో పెట్టారు, అమెరికావాళ్ల మిడిల్ నేమ్ లాగా. ఫారంలో గడి సరిపోలేదు మరి. అలాగే ఇరవై ఏడేళ్లు గోడ మీద ఉంది. 2000లో కొత్త పలక పోతపోయించారు. దాని మీద అక్షరాలు ఉండాల్సిన వరసలో ఉన్నాయి. రొబెర్తో, క్లెమెంతే, వాకర్.

మీరు ఈసారి ఆటకు వెళ్లినప్పుడు కుడివైపు గోడ చూడండి. ఎత్తు 21 అడుగులు. మా మనవడు మొన్న అడిగాడు, తాతయ్యా, ఇరవై అడుగులు కట్టొచ్చుగా, ఆ ఒక్క అడుగూ ఎందుకని. అక్కడే నిలబెట్టి వాడిచేత వేళ్ల మీద లెక్కపెట్టించాను.

టీ వచ్చేసిందంటున్నారు. ప్రశ్నలుంటే అక్కడ మాట్లాడుకుందాం.